హెచ్-1బి మీద ఉన్నవాళ్లు బంధువుల బిడ్డను దత్తత తీసుకుని అమెరికా తీసుకెళ్లవచ్చా? ఎన్నాళ్లు, ఎంత ఖర్చు?

అమ్మా, మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెబుతాను. మీరూ మీవారూ తొమ్మిదేళ్లుగా డాలస్‌లో ఉంటున్నారు, ఇద్దరివీ హెచ్-1బి అనే ఉద్యోగ వీసాలు. పిల్లలు లేరు. ప్రొద్దుటూరులో మీ మరిదికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది, ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఆ పాపను మీకు ఇవ్వడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. డిసెంబరులో మీరు వచ్చినప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రాయించి, పాపకు పాస్‌పోర్టు తీయించి, వెంట తీసుకుపొమ్మని మీ మామగారు అంటున్నారు. అది జరిగే పనేనా, ఎంత ఖర్చవుతుంది, కాకపోతే శిశు గృహ నుంచి తీసుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను: దత్తత జరుగుతుంది, పాప విమానం ఎక్కదు. డిసెంబరులోనే కాదు, మీరు హెచ్-1బి మీద అక్కడే ఉండిపోతే ఇప్పట్లో ఎక్కదు. శిశు గృహ నుంచి తీసుకున్నా ఇదే చిక్కు. దారి లేకపోలేదు. ఉన్న దారికి కనీసం రెండేళ్లు పడుతుంది, మీ ఇద్దరిలో ఒకరు ఆ రెండేళ్లు ఇక్కడ పాపతో కాపురం ఉండాలి.

నేను కడపలో ఇరవై ఆరేళ్లుగా వకీలుగా ఉన్నాను. దత్తత ఉత్తర్వులు జిల్లా కోర్టులో ఇచ్చే రోజుల నుంచి, 2022 సెప్టెంబరులో ఆ అధికారం కలెక్టర్లకు మారిన తరువాత కూడా ఈ ఫైళ్లు చూస్తూనే ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాగే మొదటి మెట్టు దగ్గర నిలబడి అడుగుతారు: 'పత్రం ఎలా రాయించాలి?' అని. నేను చివరి మెట్టు నుంచి వెనక్కు రమ్మంటాను. బిడ్డ ఏ దేశంలో దిగాలి, ఆ దేశం ఏ వీసా ఇస్తుంది, ఆ వీసాకు మీరు అర్హులా? దానికి జవాబు దొరికాకే స్టాంపు కాగితం కొనాలి.

ఎందుకో చెబుతాను. విదేశీ దత్తతలకు 1993 నాటి హేగ్ ఒప్పందం ఒకటి ఉంది. మన దేశంలో అది 2003 అక్టోబరు 1 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. రెండు దేశాలూ అందులో ఉన్నాయి కాబట్టి బిడ్డను పంపే దేశం, తీసుకునే దేశం రెండూ ముందే సరేనని రాసివ్వాలి. మన వైపు రాసిచ్చేది ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ, అందరూ కారా అంటారు. అమెరికా వైపు మొదట ఐ-800ఏ, తరువాత ఐ-800 అనే దరఖాస్తులు పెట్టాలి. ఆ రెండూ పెట్టే అర్హత అమెరికా పౌరులకే ఉంది. దంపతుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నా చాలదు, హెచ్-1బి సంగతి చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి కాగితం రాదు, అది రాకపోతే కారా నిరభ్యంతర పత్రం ఇవ్వదు.

'మనం పౌరులం కాదు కదా, పాపను డిపెండెంటుగా హెచ్-4 మీద తీసుకుపోతాం' అని మీవారు అనవచ్చు. అందరూ అనే మాటే. అమెరికా వలస చట్టంలో 'బిడ్డ' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. దత్తత బిడ్డ అయితే పదహారేళ్లు నిండక ముందే దత్తత జరిగి ఉండాలి, దత్తత తల్లిదండ్రుల చట్టబద్ధమైన సంరక్షణలో రెండేళ్లు, వారితో ఒకే ఇంట్లో రెండేళ్లు ఉండాలి. హెచ్-4కూ ఇదే కొలబద్ద. పత్రం రాయించి, పాపను అవ్వతాతల దగ్గర వదిలి, మీరు డాలస్‌లో కూర్చుంటే రెండేళ్లు కాదు, పదేళ్లయినా లెక్కలోకి రాదు. కలిసి ఉండాలి. నెలనెలా డబ్బు పంపడం, వీడియో కాల్‌లో జోలపాట పాడడం కలిసి ఉండడం కిందికి రావు.

విజిటర్ వీసా మీద తీసుకుపోయి అక్కడ చూసుకుందామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. కాపురానికి తీసుకుపోతూ చూడడానికి వస్తోందని చెప్పడం అబద్ధం. ఆ మచ్చ రేపు మీ గ్రీన్ కార్డు ఫైలు మీద కూడా పడుతుంది.

ఇప్పుడు మీ మామగారి పత్రం సంగతి. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు, సగమే ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం తమ్ముడి కూతురిని పెంచుకోవడానికి మీకు అడ్డేమీ లేదు. పాపకు పదిహేనేళ్లలోపు ఉండాలి, మీకు ఆడసంతానం ఉండకూడదు, పెంచుకునే తండ్రికీ పాపకూ కనీసం ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉండాలి. అన్నీ సరిపోతున్నాయి. దత్త హోమం తప్పనిసరి కాదని చట్టంలోనే ఉంది. కావలసింది ఇచ్చి పుచ్చుకోవడం: కన్నవాళ్లు బిడ్డను చేతుల్లో పెట్టాలి, మీరు అందుకోవాలి. ఆ క్షణం ఫోటో తీయించుకొమ్మని నేను ప్రతివాళ్లకూ చెబుతాను. కానీ విదేశంలో కాపురం ఉండేవాళ్లు ఈ చట్టం కింద దత్తత తీసుకుని బిడ్డను బయటికి తీసుకుపోవాలంటే, 2021లో వచ్చిన మార్పుల తరువాత జిల్లా మేజిస్ట్రేటు విచారణ, ఆపైన కారా పత్రం కావాలి. రిజిస్ట్రారు ముద్ర ఒక్కటే చాలే రోజులు పోయాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. రేపు మీరు పౌరులైతే ఐ-800 పెట్టుకోవచ్చు అనుకుందాం. ఆ దరఖాస్తు తాత్కాలికంగా ఆమోదం పొందక ముందే దత్తత ముగించి ఉంటే దాన్ని తిరస్కరిస్తారు. అంటే తొందరపడి రాయించిన పత్రమే తరువాత గొంతుకు అడ్డం పడుతుంది. గుంతకల్లు వాళ్ల ఫైలు ఒకటి ఇలాగే నా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఆయన అప్పటికే అమెరికా పౌరుడు. చెల్లెలి కొడుకుని దత్తత తీసుకున్నాడు, పత్రం నిక్షేపంగా ఉంది, ఊరంతా భోజనాలు పెట్టారు. రెండు నెలల తరువాత వీసా గురించి అడగడానికి వచ్చాడు. చివరికి ఉద్యోగం మాని భార్యతో సహా వచ్చి బెంగళూరులో రెండేళ్లకు పైగా ఉండి, ఆ తరువాత వేరే రకం దరఖాస్తు మీద పిల్లవాడిని తీసుకుపోయాడు. ఆయనకు బెంగళూరులో పని దొరికింది కాబట్టి సరిపోయింది.

బంధువుల బిడ్డ విషయంలో ఇంకో ముడి. పౌరులయ్యాక ఐ-800 పెట్టినా, కన్న తల్లిదండ్రులిద్దరూ బతికి ఉంటే వాళ్లు బిడ్డను సరిగా సాకలేని స్థితిలో ఉన్నారని రుజువు కావాలి. మీ మరిదికి ప్రొద్దుటూరులో బంగారు కొట్టు ఉందని మీరే రాశారు. 'సాకలేనివాళ్లమని అఫిడవిట్ ఇస్తాం, ఏముంది' అని మీ మామగారు రెండో ఉత్తరంలో అన్నట్టున్నారు. బంగారు కొట్టు యజమాని అలా అఫిడవిట్ ఇస్తే ఢిల్లీలో వీసా అధికారి కాఫీ తాగుతూ నవ్వుకుంటాడు. మన దేశం నుంచి వెళ్లే దత్తత వీసాలన్నీ అమెరికా ఎంబసీ ఢిల్లీలోనే చూస్తుంది. వాళ్లు ఇలాంటివి రోజూ చూసేవాళ్లు.

బంధువు అంటే ఎవరు అన్నది కూడా చూసుకోవాలి. మన బాలల న్యాయ చట్టం దృష్టిలో బిడ్డకు పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, అవ్వతాతలు మాత్రమే బంధువులు. మీవారు పాపకు పెదనాన్న కాబట్టి సరిపోతుంది. పెదనాన్న కొడుకు బిడ్డ, మేనత్త మనవరాలు అంటూ వచ్చేవాళ్లకు ఈ దారి లేదు. మన వైపు వావి వరసలు ఎంత దూరమైనా పోతాయి, చట్టం అంత దూరం రాదు.

సరే, మరి మీరు ఏం చేయాలి? నాకు కనిపిస్తున్నవి రెండు.

ఒకటి, ఈ పాపే కావాలనుకుంటే మీరో మీవారో ఉద్యోగం మార్చుకుని, లేదా ఇక్కడి నుంచే పని చేసుకునే ఏర్పాటు చూసుకుని, రెండేళ్లకు పైగా ఇక్కడ స్థిరపడాలి. వచ్చాక దత్తత చేసుకోండి. చట్టం భాష ప్రకారం దత్తత తల్లిదండ్రుల్లో ఒకరితో ఉన్నా సరిపోతుంది, ఇద్దరూ ఉంటే ఫైలు బలంగా ఉంటుంది. అనంతపురం అమ్మాయి ఒకామె ఇలాగే రెండేళ్ల మూడు నెలలు ఉంది. ఆమె జాగ్రత్త నాకు ఇప్పటికీ గుర్తుంది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, పాప టీకాల కార్డు, అంగన్‌వాడీలో చేర్చిన కాగితం, బ్యాంకు పాసుపుస్తకం, అన్నీ నెలవారీగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మీద మార్కరుతో నెల పేరు రాసింది. ఇరవై ఏడు కవర్లు. వీసా ఇంటర్వ్యూలో అందులో నాలుగు తెరిచి చూశారట. మిగతావి తెరవకపోవడానికి కారణం ఆ నాలుగే అని నా నమ్మకం. పాస్‌పోర్టులోని ముద్రలతో ఈ తేదీలు సరిపోవాలి. మధ్యలో మూడు నెలలు అమెరికా పోయి వస్తే ఆ మూడు నెలలు లెక్కలోంచి పోతాయి. ఒకటి మంచి సంగతి: రెండేళ్లు ఏకబిగిన ఉండనవసరం లేదు, విడతలు కలుపుకోవచ్చు.

మీకు ఈలోగా గ్రీన్ కార్డు వస్తే రెండేళ్లు బయట ఉండడం దానికే ఎసరు. ఏడాది దాటి బయట ఉండాలంటే ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అది అక్కడి వలస వకీలుతో మాట్లాడుకోవలసిన విషయం, నా పరిధి కాదు.

రెండు, పౌరసత్వం వచ్చే దాకా ఆగి, అప్పుడు కారా ద్వారా కన్నవాళ్లు లేని బిడ్డను తీసుకోవడం. విదేశీ దత్తతల్లో భారత సంతతి వాళ్లకూ, ప్రవాస భారతీయులకూ ప్రాధాన్యం ఉంది. అక్కడ గుర్తింపు ఉన్న దత్తత ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. వాళ్లు మీ ఇంటి పరిస్థితి మీద నివేదిక రాసి, కేరింగ్స్ అనే కారా వెబ్‌సైటులో నమోదు చేస్తారు. శిశు గృహకు నేరుగా వచ్చి బిడ్డను చూసి ఎంచుకోవడం ఉండదు. ఆ మాట చెబితే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. బిడ్డ వివరాలు, వైద్య నివేదిక పంపిస్తారు, మీరు సరేనంటే కారా పత్రం, కలెక్టరు ఉత్తర్వు, జనన ధ్రువీకరణ, పాస్‌పోర్టు, వీసా. ఆ తరువాత రెండేళ్ల పాటు అక్కడి ఏజెన్సీ బిడ్డ ఎలా ఉందో నివేదికలు పంపాలి: మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి.

ఈ దారిలో వయసు లెక్క మరచిపోవద్దు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. నమోదు తేదీ నాటి వయసు చూస్తారు. మీకు 36, ఆయనకు 39, కలిపి 75. ఈ మొత్తం ఏడాదికి ఒకటి కాదు, రెండు చొప్పున పెరుగుతుంది. ఐదేళ్లలో 85. చంటిబిడ్డే కావాలనే కోరికకు అదే గడువు. ఎదురుచూపు కూడా తక్కువ కాదు. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515, అందులో దేశం లోపలివే 4,155. మిగిలినవి ఎన్నో మీరే తీసివేసి చూసుకోండి. ఐదేళ్లు దాటిన పిల్లలు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కలిసి ఉన్నవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో విదేశీ దత్తత త్వరగా కదులుతుంది.

కాస్త పెద్ద పిల్లల గురించి ఒక్క మాట. రెండేళ్ల కిందట కలెక్టరు గదిలో ఒక విచారణకు వెళ్లాను. ఆరేళ్ల అబ్బాయి, కొత్త తల్లిదండ్రులు విదేశం నుంచి వచ్చారు. సోమవారం అర్జీల జనం వరండా అంతా నిండి ఉంటే వీళ్లను పక్క గదిలోంచి పంపారు. అబ్బాయి జేబులో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. అధికారి 'వీళ్లెవరు?' అని అడిగితే జవాబు చెప్పకుండా ప్యాకెట్ విప్పి, గదిలో ఎంతమంది ఉన్నారో వేలితో లెక్కపెట్టి, అందరికీ ఒక్కొక్కటి పంచాడు. కొత్తమ్మకు రెండు ఇచ్చాడు. విచారణ అక్కడితో అయిపోయింది. చిన్నబిడ్డే కావాలని పట్టుబట్టే వాళ్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను, మీకూ చెప్పాను.

ఖర్చుల విషయం. పౌరులై కారా దారిలో వెళితే ఇక్కడ బిడ్డను సాకిన సంస్థకు శిశు సంరక్షణ నిధి కింద 5,000 డాలర్లు, ఇది నిబంధనల్లో ఉన్న మొత్తం, రసీదు ఇస్తారు. అమెరికా వైపు ఐ-800ఏ దరఖాస్తుకు 920 డాలర్లు, మొదటి బిడ్డకు ఐ-800 ఫీజు లేదు, వీసాకు 325. వీటన్నిటినీ మింగేది అక్కడి ఏజెన్సీ ఫీజు. గృహ నివేదిక, శిక్షణ, ప్రయాణాలు, ఢిల్లీలో బస, కాగితాలు పరదేశంలో చెల్లడానికి వేయించే అపోస్టిల్ ముద్రలు అన్నీ కలిపి నేను చూసిన ఫైళ్లలో 25,000 నుంచి 40,000 డాలర్ల మధ్య తేలింది. సంతకం పెట్టకముందే ఫీజుల పట్టిక రాతపూర్వకంగా ఇవ్వాలని అమెరికా నియమమే ఉంది. ఇవ్వని ఏజెన్సీ నుంచి లేచి వచ్చేయండి. అక్కడ దత్తత ఖర్చులకు ఆదాయపు పన్నులో రాయితీ ఉంది, 2025 సంవత్సరానికి ఒక్కో బిడ్డకు గరిష్ఠంగా 17,280 డాలర్లు. విదేశీ బిడ్డ అయితే దత్తత పూర్తయ్యాకే అడగాలి, రసీదులు పారేయకండి.

ఇక్కడికి వచ్చి మీ మరిది పాపను పెంచుకునే దారిలో ప్రభుత్వానికి కట్టేది చాలా తక్కువ. అసలు ఖర్చు మీ రెండేళ్ల జీతం. ఆ అంకె ముందు వకీలు ఫీజు, స్టాంపులు లెక్కలోకి రావు.

ఎవరికైనా ఎంతైనా ఇవ్వండి గానీ, బిడ్డను ఇచ్చినందుకని కన్నవాళ్లకు మాత్రం ఏమీ ఇవ్వకండి. డబ్బు సరే, 'ఆ రెండెకరాలు తమ్ముడి పేర పెడదాం' అన్నా అంతే. హిందూ దత్తత చట్టం 17వ సెక్షన్ దాన్ని నేరమంటుంది. మీ ఇంట్లో ఆస్తి పంపకం మాట ఎలాగూ నడుస్తోందని రాశారు కాబట్టి చెబుతున్నాను, ఆ పంపకం, ఈ దత్తత ఒకే నెలలో జరగకుండా చూసుకోండి.

ఆసుపత్రి నర్సు ద్వారానో, మధ్యవర్తి ద్వారానో 'పాప ఉంది' అని ఫోను వస్తే కూడా పెట్టేయండి. ఆదోని దంపతులు ఇలా ఒక బిడ్డను తెచ్చుకుని, కన్నతల్లి స్థానంలో తమ పేరే జనన ధ్రువపత్రంలో రాయించారు. వీసా దగ్గర డీఎన్ఏ పరీక్ష అడిగారు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చారు, నేను చేయగలిగింది క్రిమినల్ వకీలు పేరు చెప్పడమే.

కాగితాల్లో మన ప్రాంతం వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి పేర్లతో. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక అక్షరం, పాస్‌పోర్టులో విప్పి రాసిన పూర్తి మాట, ఆధార్‌లో పేరు చివర, పెళ్లి సర్టిఫికెట్‌లో అసలు లేదు. నాలుగు చోట్ల నలుగురు మనుషులు. ఒక ఫైలు కేవలం 'రెడ్డి' అనే మాట పేరులో భాగమా, ఇంటిపేరా అన్నదాని మీద ఐదు నెలలు ఆగింది. మీ ఇద్దరివీ, మీ మరిదివీ, తోడికోడలివీ ఇప్పుడే ఒక బల్ల మీద పరిచి అక్షరం అక్షరం చూసుకోండి. పాప జనన ధ్రువపత్రంలో ఆమె పేరు రాయించారో లేదో కూడా చూడండి. మనవాళ్లు 'బేబీ ఆఫ్' అని ఉన్న కాగితాన్నే బీరువాలో పెట్టేస్తారు. జిల్లాలు 2022లో విడిపోయాయి కాబట్టి ఏ కలెక్టరు దగ్గరికి పోవాలో కూడా కొందరు తడబడుతున్నారు. హిందూపురం వాళ్లు ఇప్పుడు అనంతపురం కాదు, పుట్టపర్తి వెళ్లాలి. మీకు కడపే.

గల్ఫ్‌లో ఉన్న రాయచోటి, కడప వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. మతంతో నిమిత్తం లేకుండా బాలల న్యాయ చట్టం కింద ఎవరైనా దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. అయితే కువైట్ హేగ్ ఒప్పందంలో లేదు. దత్తత బిడ్డకు అక్కడ డిపెండెంట్ వీసా ఇస్తారా అన్నది ముందు రాతలో తెచ్చుకోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అక్కడి అనుమతి లేకుండా బిడ్డను తీసుకుపోతే అది అక్కడ నేరం.

మీ విషయానికి వస్తే, డిసెంబరు 12న రిజిస్ట్రారు ఆఫీసులో స్లాట్ తీసుకున్నారని రాశారు. రద్దు చేయించండి. మామగారికి కోపం వస్తే నా మాటగా చెప్పండి.

ఇంకొకటి మిగిలింది. మీ ప్రశ్నలో మామగారు ఏమన్నారో ఉంది, మరిది ఏమన్నాడో ఉంది, తోడికోడలు ఏమందో ఎక్కడా లేదు. హిందూ చట్టం కింద ఒకసారి సక్రమంగా జరిగిన దత్తత రద్దు కాదు, ఆమె తరువాత ఎంత ఏడ్చినా బిడ్డ వెనక్కు రాదు. పద్నాలుగు నెలల పాప, బహుశా ఇంకా పాలు తాగుతూనే ఉంటుంది. డిసెంబరులో వచ్చినప్పుడు మామగారు, అత్తగారు లేని చోట, మీరిద్దరే కూర్చుని ఆమెను అడగండి. ఏమందో నాకు రాయండి, మిగతా కాగితాల సంగతి ఆ తరువాత చూద్దాం.